ఏ భాషలో అడిగారో రాయని ఐక్యూ అంకెను నమ్మొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ పత్రికలో దేశాలవారీగా సగటు ఐక్యూ (తెలివితేటల పరీక్షలో వచ్చే అంకె) పట్టిక ఒకటి వేశారు. అందులో మన దేశం బాగా కింద ఉంది. మా మండలంలో చాలామంది ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టుకున్నారు. ఒక బడిలో స్టాఫ్‌రూమ్‌లో కూడా "మన పిల్లల తెలివి ఇంతేనా" అని మాట్లాడుకుంటుంటే విన్నాను. నేను దేవరకొండ వైపు భవిత కేంద్రంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు చెప్తాను. ఈ ఐక్యూ అంకె ఎట్లా పుడుతుందో రోజూ చూసేదాన్ని కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

ఇలాంటి పట్టికల్లో చాలావాటికి మూలం రిచర్డ్ లిన్, టాటు వాన్హనెన్ అనే ఇద్దరు పరిశోధకులు 2002లో వేసిన లెక్కలు. వాళ్లు 185 దేశాలకు అంకెలు ఇచ్చారు. నిజంగా పరీక్షల ఫలితాలు దొరికినవి 81 దేశాలవి మాత్రమే. మిగతావాటికి ఇరుగుపొరుగు దేశాల అంకెలు చూసి అంచనా కట్టారు. ఈక్వటోరియల్ గినీ అనే ఆఫ్రికా దేశానికి 59 అని వేశారు కదా, ఆ అంకె స్పెయిన్‌లో మానసిక ఎదుగుదల లోపం ఉన్న పిల్లల సంస్థలో తీసినది. ఈ లెక్కలను పరిశోధనలో వాడవద్దని మానవ ప్రవర్తన, పరిణామం మీద పనిచేసే యూరప్ పరిశోధకుల సంఘం 2020లో ప్రకటించింది కూడా. పట్టికతో పాటు ఈ నాలుగు మాటలు వేసి ఉంటే చదివినవాళ్లకు మేలు జరిగేది. ఇప్పుడైనా వేయండి.

దేశాల సంగతి అటుంచితే, ఒకే జిల్లాలో ఇద్దరు పిల్లల్ని పోల్చడమే ఎంత కష్టమో చెప్తాను. చాలా ఐక్యూ పరీక్షల్లో అంకెలు తిరిగి చెప్పించే భాగం ఉంటుంది. పరీక్ష చేసేవారు సెకనుకు ఒకటి చొప్పున అంకెలు చదువుతారు, పిల్లవాడు అదే వరుసలో తిరిగి చెప్పాలి. చూడ్డానికి ఇందులో భాషకు పనేమీ లేదనిపిస్తుంది. కానీ మనసులో అనుకుంటూ సుమారు రెండు సెకన్లలో ఎంత పలకగలమో దాదాపు అంతే మనకు గుర్తుంటుందని బ్రిటన్‌లో అలాన్ బాడ్లీ బృందం 1975లో చూపింది. ఈ భాగంలో వెల్ష్ భాష మాట్లాడే పిల్లలకు అమెరికా పిల్లల కంటే ఎందుకు తక్కువ వస్తోందని 1980లో వెతికితే, వెల్ష్‌లో అంకెల పేర్లు పలకడానికి ఎక్కువసేపు పడుతుందని తేలింది. పిల్లల జ్ఞాపకశక్తిలో లోపం లేదు.

ఇప్పుడు మన తెలుగు చూడండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. వేళ్ల మీద లెక్కపెడితే మొత్తం 23 అక్షరాలు. ఉర్దూలో ఏక్ నుంచి నౌ దాకా ఒక్కోటి ఒకే పలుకులో అయిపోతుంది. ఇంగ్లిష్‌లో సెవెన్ ఒక్కటే రెండు పలుకులు. ఎనిమిది, తొమ్మిది, నాలుగు అని వరుసగా పట్టుకోవాల్సిన మా పిల్లవాడి జవాబును ఇంగ్లిష్ పిల్లల సగటులతో తయారైన మార్కుల పట్టికలో పెట్టి చూస్తే, వాడు నోరు తెరవకముందే కొంత నష్టపోయినట్టే. మహబూబ్‌నగర్ పట్టణంలో ఉర్దూ మీడియం పిల్లవాడినీ, పక్క వీధిలోని తెలుగు పిల్లవాడినీ ఒకే పట్టికతో కొలిచినా ఇదే చిక్కు.

మాటల పని లేని పరీక్షలు పెడితే సరిపోతుందని కొందరంటారు. కొంతవరకు నిజమే. కానీ రాబర్ట్ సెర్పెల్ అనే పరిశోధకుడు 1979లో జాంబియాలోని లుసాకా పిల్లలనూ, ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ పిల్లలనూ పోల్చి చూశాడు. బొమ్మను చూసి పెన్సిల్‌తో గీయమంటే మాంచెస్టర్ పిల్లలు బాగా చేశారు. తీగ వంచి చేయమంటే లుసాకా పిల్లలు బాగా చేశారు, ఎందుకంటే తీగతో బండ్లు చేసుకుని ఆడుకోవడం వాళ్లకు అలవాటు. మట్టితో చేయమంటే ఇద్దరూ సమానం. పెన్సిల్ పరీక్ష ఒక్కటే పెట్టి ఉంటే ఏం రాసేవారో ఊహించుకోండి. అమ్మానాన్నలతో పాటు పుణే, ముంబై పనులకు పోయి, బడిలో సరిగ్గా పలక పట్టకుండానే ఏడేళ్లకు తిరిగొచ్చే పాలమూరు పిల్లలు మనకు ఎంతమంది లేరు?

నన్ను ఎక్కువ బాధపెట్టేది తండాల పిల్లల సంగతి. ఇంట్లో లంబాడీ భాష తప్ప ఇంకోటి వినని పిల్లను ఒక వైకల్య పరీక్షల క్యాంపులో తెలుగులో ప్రశ్నలు అడిగారు. అడిగే పుస్తకం ఇంగ్లిష్‌ది. అక్కడికక్కడే తెలుగు చేసి అడిగారు. క్యాంపు బయట మంది, లోపల తొందర, కొత్త మనుషులు. పిల్ల భయపడి తల వంచుకుని కూర్చుంది. కాగితం మీద ఒక అంకె పడింది. ఆ కాగితం బడికి చేరాక పిల్లను వెనక వరుసలో కూర్చోబెట్టి, అడగడమే మానేశారు. తర్వాత మా కేంద్రంలో ఆ తండాకే చెందిన ఒక అక్క పక్కన కూర్చుని లంబాడీలో అవే ప్రశ్నలు అడిగితే సగానికి పైగా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పరీక్ష చేసినవారి మీద నాకు కోపం లేదు, రోజుకు అంతమందిని చూడాల్సి వస్తే ఎవరైనా అంతే చేస్తారు. కానీ ఆ కాగితంలో ఏ భాషలో అడిగారన్న ముక్క ఎక్కడా లేదు.

నేను పరీక్షలే వద్దనడం లేదు. ఆల్ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ 1905లో పారిస్‌లో మొదటి పరీక్ష చేసింది బడిలో వెనకబడే పిల్లల్ని గుర్తించి సాయం చేయడానికే. ఆ అంకె జీవితాంతం మారదని అనుకోవడాన్ని బినే స్వయంగా తప్పుపట్టాడు. మన దగ్గరికి అది రకరకాల రూపాల్లో వచ్చింది. వి.వి. కామత్ 1934లో మరాఠీ, కన్నడ పిల్లల కోసం మార్చారు. నాగపూర్‌లో మాలిన్ 1969లో అమెరికా పరీక్షను భారతీయ పిల్లలకు సరిచేశారు. వాళ్లు ఎంతో కష్టపడి చేసిన పని అది. కానీ ఆ నాటి పిల్లల సగటుతో ఈనాటి పిల్లల్ని కొలిస్తే ఇంకో తప్పు జరుగుతుంది. ఈసారి తప్పు పై వైపుకు. తరం మారేకొద్దీ పరీక్షల్లో మార్కులు పెరుగుతూ వస్తాయని జేమ్స్ ఫ్లిన్ అనే పరిశోధకుడు 1980లలో చూపాడు, అమెరికాలో పదేళ్లకు సుమారు 3 పాయింట్లు. అంటే ముప్పై ఏళ్ల నాటి పట్టికతో చూస్తే 66 రావాల్సిన పిల్లవాడికి 75 రావచ్చు. 70 దగ్గర గీత గీసి ఉంటుంది కాబట్టి నిజంగా సాయం కావాల్సిన ఆ పిల్లవాడికి సర్టిఫికెట్ రాదు, పింఛను రాదు. తల్లి వైకల్య సర్టిఫికెట్ కోసం సదరం క్యాంపుల చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ఒకరికి భాష వల్ల తగ్గి, ఇంకొకరికి పాత పట్టిక వల్ల పెరిగి, ఇద్దరూ నష్టపోతున్నారు.

అధికారులను నేను కోరేది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఐక్యూ రాసే ప్రతి కాగితం మీద ఏ పరీక్ష, ఏ సంవత్సరంది, ఏ భాషలో అడిగారు, ఇంట్లో ఏ భాష, మధ్యలో మాట మార్చి చెప్పింది ఎవరు అన్నది తప్పనిసరిగా రాయాలి. తండాల పిల్లలు వచ్చే రోజు లంబాడీ తెలిసిన అంగన్‌వాడీ టీచర్నో, ఆశా కార్యకర్తనో పక్కన కూర్చోబెట్టాలి. అంకె 70కి అటూ ఇటూ దగ్గరగా ఉన్నప్పుడు దాని ఒక్కదాన్నే నమ్మకుండా, పిల్లవాడు ఇంట్లో, బడిలో తన పనులు ఎంతవరకు చేసుకోగలుగుతున్నాడో చూడాలి. బడికి అలవాటు పడ్డాక మళ్లీ ఒకసారి పరీక్షించాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ మనకు దగ్గర్లోనే ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ పిల్లల్లో తెలుగు, లంబాడీ, ఉర్దూ మాట్లాడేవాళ్లను వేర్వేరుగా తీసుకుని సగటులు కట్టమని మన జిల్లాల కలెక్టర్లు ఆ సంస్థకు రాయాలి. అవి వచ్చేదాకా, వచ్చే క్యాంపు నుంచే, కాగితం మీద భాష పేరు రాయడం మొదలుపెట్టొచ్చు.

— భవిత కేంద్రం టీచర్, దేవరకొండ డివిజన్, నల్లగొండ జిల్లా