చలికి మొరాయించే నీ బండి గురించి

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ల చెప్పినప్పటి నుంచి అదే ఆలోచిస్తున్న. నీ కారు పొద్దున ఆరింటికి స్టార్ట్ కాక సతాయిస్తది, సాయంత్రం ఆఫీసు నుంచి అట్లనే మెకానిక్ దగ్గరికి తీస్కపోతే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటది, ఆయన ఏం లేదు మేడం అని పంపిస్తడు. వేడి ఇంజన్‌ల చలి రోగం ఎట్ల కనబడ్తది చెప్పు? బండిని ముందురోజు రాత్రే షెడ్డుల వదిలెయ్, పొద్దున ఫస్ట్ సెల్ఫ్ ఆయనే కొట్టాలె. మీ పటాన్‌చెరు దిక్కు చలి సిటీ కన్నా ఎక్కువనే ఉంటది, జనవరిల 10 డిగ్రీల దాకా పడ్తది.

అంతకుముందు నువ్వు సౌండ్ మంచిగ విను. ఇంజన్ నీరసంగ ఆగాగి తిరుగుతుందా, లేక జోరుగ తిరుగుతుంది గానీ అంటుకుంట లేదా? రెండూ వేరే వేరే.

నీరసంగ తిరిగితే బ్యాటరీ, టర్మినల్స్, ఎర్త్ వైర్ చూడాలె. మన దగ్గర బ్యాటరీని ఖరాబు చేసేది చలి కాదు బిడ్డా, మే నెల ఎండ, అది లోపల్లోపల తినేస్తది, చలికాలం వచ్చినంక బయటపడ్తది. రాత్రంతా ఆగిన బండికి మీటర్ పెడితే 12.6 వోల్టులు రావాలె, 12.2 వస్తే సగం చార్జే ఉన్నట్టు, సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పోతే ఇగ దాన్ని నమ్మకు. లాస్ట్ సర్వీసుల ఏ ఆయిల్ పోసిన్రో కూడా బిల్లుల చూడు, కారు బుక్కుల పల్చటి 5డబ్ల్యూ-30 అని ఉన్నదానికి చిక్కటి 20డబ్ల్యూ-50 పోస్తే చలికి చిక్కబడి ఇంజన్ బరువుగ తిరుగుతది.

జోరుగ తిరిగి అంటుకోకపోతే, తాళం ఆన్ చేసి రెండు సెకన్లు ఆగి ఆఫ్ చెయ్, ఇట్ల రెండుమూడు సార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టు, టక్కున అందుకుంటే రాత్రిపూట పెట్రోల్ ప్రెషర్ దిగిపోతున్నట్టు. అంటుకున్నంక ఊగి ఊగి ఆగిపోయి, వేడెక్కితే మాత్రం మంచిగుంటే నాకు అనుమానం కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు) టెంపరేచర్ సెన్సార్ మీద. చల్లటి ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ కావాలె, సెన్సార్ సరిగ్గ చెప్తేనే ఈసీయూ, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్, వదుల్తది. స్టార్ట్ చెయ్యకముందే ఆ కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టమని మెకానిక్‌కి చెప్పు, రాత్రంతా ఆగిన బండిల కూలెంట్, లోపలికి పోయే గాలి, రెండిటి టెంపరేచర్ ఇంచుమించు ఒక్కటే చూపియ్యాలె. కూలెంట్ 50 డిగ్రీలు అని చూపిస్తే సెన్సారో దాని వైరో పోయినట్టు. ఇదంతా చూడకుండ ప్లగ్గులు, కాయిల్స్, పంపు అని వరసబెట్టి మార్చనియ్యకు, పైసలు ఊకెనే పోతయ్.

సైలెన్సర్ నుంచి పొద్దున తెల్లగ ఆవిరి వస్తే భయపడకు, వేడెక్కినంక కూడా ఆ ఆవిరి ఆగకుండ, కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం నడపకు. పది సెకన్ల కన్నా ఎక్కువ సెల్ఫ్ పట్టకు, స్టార్ట్ కాంగనే రేస్ చెయ్యకు.

ఆదివారం పొద్దున్నే మీటర్ పట్టుకోని నేనొస్త, నేను వచ్చేదాకా అల్లుణ్ణి బండి ముట్టొద్దను.

నాన్న