హార్డ్‌డిస్క్ తగిలించి పడుకుంటే బ్యాకప్ అయిపోదు చిన్నా

విశాఖపట్నం,
ఆదివారం మధ్యాహ్నం

చిన్నా,

నిన్న ఫోన్లో సగం చెప్పావు సగం మింగేశావు, ఈలోగా మీ గైడ్ గారు పిలుస్తున్నారని పెట్టేశావు. నాకు అర్థమైనంతలో, రాత్రి ల్యాప్‌టాప్‌కి హార్డ్‌డిస్క్ తగిలించి కాపీ పెట్టి పడుకున్నావు, పొద్దున్న లేచి చూస్తే సగంలో ఆగిపోయి ఏదో ఎర్రర్ బాక్సు కనపడింది, డిస్క్ పోయిందమ్మా కొత్తది ఆర్డర్ పెట్టేస్తా అన్నావు. పెట్టకు నాన్నా, ఆగు. డిస్క్ పోలేదనే నా అనుమానం, నీ ల్యాప్‌టాప్ స్లీప్ మోడ్‌లోకి పోయి పడుకుంది అంతే. వాట్సాప్‌లో చెప్తే ఒక బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు కాబట్టి షాపు సెలవని కూర్చుని మెయిల్ రాస్తున్నా, చివరిదాకా చదువు.

డాబాగార్డెన్స్‌లో మన షాపు సంగతి నీకు కొత్త కాదు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు, ఏది చేసినా పాత మేటర్ ఉంటేనే మనకి నాలుగు రూపాయలు మిగిలేది. ఎప్పుడో పెద్దమ్మాయి పెళ్ళికి కార్డు వేయించుకున్నాయన ఇప్పుడొచ్చి "అదే మేటరమ్మా, పేర్లు ముహూర్తం మార్చి చిన్నదానికి వేసెయ్యండి" అంటాడు, ఆ పేజ్‌మేకర్ (పేజీలు కూర్చే ప్రోగ్రాము) ఫైలు తియ్యలేకపోతే ఇంటిపేర్ల దగ్గర్నుంచి మళ్ళీ కొట్టాలి, మళ్ళీ ప్రూఫు, మళ్ళీ గొడవ. అందుకని ఈ డిస్కుల విషయంలో నాకు కాస్త పట్టింపు ఎక్కువ. మీ నాన్న దీన్ని చాదస్తం అంటారు, అననీ.

ముందు నిజంగా పడుకుందో లేదో చూడు, ఊహతో పని లేదు. ఎప్పుడేం జరిగిందో విండోస్ రాసుకునే చిట్టా, ఈవెంట్ వ్యూయర్, ఓపెన్ చేసి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ నొక్కు, ఆ రాత్రి టైములో కెర్నల్ పవర్ పేరుతో 42 నంబరు ఎంట్రీ ఉందేమో వెతుకు, అది సిస్టమ్ స్లీప్‌లోకి వెళ్తోందని విండోస్ రాసుకున్న లెక్క. నీది కొత్త మోడల్ కాబట్టి మోడరన్ స్టాండ్‌బై (ఫోన్‌లా సగం మెలకువతో పడుకునే) రకం అయ్యుంటాది, అలాగైతే పడుకున్నప్పుడు 506, లేచినప్పుడు 507 అని ఉంటాది. కాపీ ఆగిన టైమూ ఈ టైమూ ఒకటే అయితే ఇంక డిస్క్‌ని తిట్టక్కర్లేదు.

అసలు ఎందుకు పడుకుంటాదంటే, విండోస్ లెక్క నువ్వు కీబోర్డు మౌసు ముట్టుకుని ఎంతసేపైందన్న దాన్ని బట్టి నడుస్తాది. వెనకాల ఫైళ్ళు పోతున్నాయి కదా అని దానంతట అది మేలుకుని ఉంటాదని నమ్మకం పెట్టుకోకు, కాపీ చేసే ప్రోగ్రామే "పనిలో ఉన్నాను, ఇప్పుడు పడుకోవద్దు" అని విండోస్‌ని అడగాలి. మంచి బ్యాకప్ ప్రోగ్రాములు అడుగుతాయి, అన్నీ అడగవు. నీది అడుగుతోందో లేదో చూడ్డం సులువే, కాపీ నడుస్తుండగానే కమాండ్ ప్రాంప్ట్‌ని (టైపు చేసి పని చెప్పే ఆ నల్ల కిటికీ) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్‌సీఎఫ్‌జీ, స్పేసు, స్లాష్, రిక్వెస్ట్స్ (powercfg /requests) అని కొట్టు. డిస్‌ప్లే, సిస్టమ్, అవేమోడ్ అని వరసగా వస్తాయి, సిస్టమ్ కింద నన్ అని కనపడితే ఆపేవాళ్ళు ఎవరూ లేరని, టైము అవ్వగానే నిద్రే.

ఇంకోటి, మూత. నీకు పని అవ్వగానే ల్యాప్‌టాప్ మూత టప్పున వేసేసే అలవాటు, చిన్నప్పుడు పుస్తకాలూ అంతే. మూత వేస్తే మామూలుగా స్లీప్‌లోకి పోద్ది, ఏ ప్రోగ్రాము ఎంత బతిమాలినా ఆగదు, ఎందుకంటే అది నువ్వు చెప్పిన మాట కింద లెక్క.

కాబట్టి సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో పవర్ అండ్ బ్యాటరీకి వెళ్ళు. ప్లగ్ పెట్టి ఉన్నప్పుడు స్లీప్ ఎంతసేపటికి అన్న చోట నెవర్ పెట్టు. బ్యాటరీ మీద ఉన్నప్పటి టైము ముట్టుకోకు, అది ఎలా ఉందో అలాగే ఉండనీ. స్క్రీన్ ఆఫ్ అయ్యే టైము కూడా ఐదు నిమిషాలే ఉంచుకో, స్క్రీన్ ఆరిపోవడం వేరు మెషిన్ పడుకోవడం వేరు, ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది రాత్రంతా స్క్రీన్ వెలిగించి పెడతారు, రూమ్మేట్‌కి నిద్ర ఉండదు. మూత సంగతి కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌లో ఉంటాది, ప్లగ్ ఉన్నప్పుడు మూత వేస్తే డూ నథింగ్ అని పెట్టుకోవచ్చు, కానీ అలా పెట్టి మంచం మీద దుప్పట్లో వదిలెయ్యకు, వేడెక్కిపోద్ది. నన్నడిగితే మూత తెరిచి బల్ల మీద పెట్టడమే మేలు.

ఇవన్నీ చేశాక కూడా డిస్క్ మధ్యలో మాయమవుతుంటే అప్పుడు యూఎస్‌బీ సంగతి చూడాలి. కరెంటు ఆదా కోసం విండోస్ ఖాళీగా ఉన్న యూఎస్‌బీ పోర్టుని కూడా పడుకోబెడతాది, పవర్ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ అని ఉంటాది, అది డిసేబుల్ చెయ్. అక్కడే టర్న్ ఆఫ్ హార్డ్ డిస్క్ ఆఫ్టర్ అని ఇంకోటి ఉంటాది, దాన్ని సున్నా చేస్తే నెవర్ అవుద్ది. కొత్త ల్యాప్‌టాపుల్లో ఇవి కొన్ని కనపడవు, కనపడకపోతే కంగారుపడకు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, కరెంటు ఆదాకి ఈ డివైస్ ఆపుకోవచ్చు అన్న టిక్కు తీసెయ్. ఇక కొన్ని ఎక్స్‌టర్నల్ డిస్కులు ఎవరూ చెప్పకుండానే వాటంతట అవి కాసేపటికి తిరగడం ఆపేస్తాయి, లోపల కంపెనీ వాళ్ళు పెట్టిన టైమర్ అది. నువ్వు ఫోల్డర్ తెరిస్తే రెండు మూడు సెకన్లు మాట్లాడదు, సన్నగా గుయ్యిమని మళ్ళీ తిరుగుతాది, అప్పుడు లిస్టు వస్తాది. అది జబ్బు కాదు. టక్ టక్ టక్ అని ఒకేలా కొట్టుకుంటుంటే మాత్రం జబ్బే, వెంటనే ఉన్నదంతా వేరే చోటికి తీసుకో. ఆ రెంటికీ తేడా చెవికి తెలుస్తాది.

కేబుల్ కూడా ఒకసారి మార్చి చూడు. ఆ వెడల్పాటి మైక్రో పిన్ను ఉన్న కేబుల్ డిస్క్ వైపు కాస్త లూజైతే చాలు, మోచెయ్యి తగిలి డిస్కనెక్ట్ అవుద్ది. మన ఊర్లో అయితే ఉప్పుగాలికి పిన్నులు నల్లబడతాయి, షాపులో డిస్కులు మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడతాను, చెప్పుల డబ్బాల్లో వచ్చేవే.

ఇప్పుడు అసలు మాట. రాత్రిపూట ఆటోమేటిక్ అనేదే నాకు నచ్చదు. చెయ్యలేమని కాదు, చెప్పిన టైముకి పని నడిపే టాస్క్ షెడ్యూలర్‌లో కండిషన్స్‌లో వేక్ ద కంప్యూటర్ టు రన్ దిస్ టాస్క్ అని టిక్కు పెడితే, పవర్ ఆప్షన్స్‌లో వేక్ టైమర్లు ఆన్‌లో ఉంటే, స్లీప్‌లో ఉన్న మెషిన్ లేచి పని చేస్తాది. కానీ పూర్తిగా షట్‌డౌన్ చేస్తే లేవదు. పైగా అదే పేజీలో ఛార్జర్ మీద ఉంటేనే మొదలెట్టు అన్న టిక్కు ముందే పెట్టి ఉంటాది, హాస్టల్లో ప్లగ్ ఎవడో పీకితే అంతే సంగతులు. నువ్వు మాత్రం రాత్రి భోజనానికి వెళ్ళే ముందు మొదలెట్టు, తిని వచ్చి చూడు. షాపులో నేను మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు పెడతాను, మనిషి మెలకువగా ఉండగా ఆగితే కనపడతాది. మొదటిసారి మొత్తం పోవాలి కాబట్టి గంటలు పడుతుంది, దానికి ఒక ఆదివారం పెట్టుకో, తర్వాత మారినవే పోతాయి కాబట్టి తొందరగా అయిపోద్ది.

కాపీ పేస్ట్ వద్దు, రోబోకాపీ వాడు, కమాండ్ ప్రాంప్ట్‌లో నడిచే కాపీ ప్రోగ్రాము, విండోస్‌లోనే ఉంటాది, మధ్యలో ఆగినా మళ్ళీ నడిపితే రెండు వైపులా ఒకేలా ఉన్న ఫైళ్ళు వదిలేసి మిగతావి పట్టుకెళ్తాది. రోబోకాపీ కమాండ్‌కి చివర తగిలించే ఎమ్ఐఆర్ (/MIR) అనే స్విచ్చి గురించి ఎవరైనా గొప్పగా చెప్తే జాగ్రత్త, అది అద్దం లాంటిది, ఇక్కడ నువ్వు చేత్తో డిలీట్ చేసింది అక్కడా డిలీట్ అయిపోద్ది. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్‌లో సింక్ పెట్టుకుని బ్యాకప్ ఉందనుకోవడం కూడా ఇదే తంతు, కొన్నాళ్ళు ట్రాష్‌లో ఉంటాది గానీ ఆ తర్వాత పోద్ది. నీ థీసిస్‌కి పాత వెర్షన్లు కూడా కావాలి కాబట్టి విండోస్‌లోనే ఉండే ఫైల్ హిస్టరీ ఆన్ చేసుకో, డిస్క్ తగిలించి ఉంటే మామూలుగా గంటకోసారి మారిన ఫైళ్ళు దాస్తాది. కానీ అది తీసుకునేది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ లాంటి లైబ్రరీలే (విండోస్ ముందే గుర్తుపెట్టుకున్న ఫోల్డర్లు), నువ్వు డీ డ్రైవులో పెట్టుకున్న రీసెర్చ్ ఫోల్డరు దానికి తెలీదు, ఆ ఫోల్డర్‌ని లైబ్రరీలో కలపాలి. ఇది చెయ్యకుండా అన్నీ ఉన్నాయని ధీమాగా తిరిగేవాళ్ళు ఎంతమందో. మీ రూమ్మేట్‌ది మ్యాక్ అన్నావు కదా, వాడికి అందులోనే ఉండే బ్యాకప్ ప్రోగ్రాము టైమ్ మెషీన్ చాలు, గత రోజువి గంటగంటకీ, నెలవి రోజురోజుకీ, అంతకు ముందువి వారంవారంగా ఉంచుతాది, డిస్క్ నిండితే పాతవి తీసేస్తాది.

బ్యాకప్ అయ్యాక డిస్క్ పీకి లోపల పెట్టు, పీకే ముందు ఎజెక్ట్ కొట్టు. 2018లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి క్విక్ రిమూవల్ డీఫాల్ట్‌గా ఉంది, ఎజెక్ట్ అక్కర్లేదని మీ కుర్రాళ్ళు అంటారు, ఫైలు ఇంకా రాస్తుండగా లాగేస్తే ఏ సెట్టింగూ కాపాడదు. ఎప్పుడూ తగిలించి ఉంచితే ఇంకో ప్రమాదం, 2017 మే నెలలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకి కూడా తగులుకుంది, అలాంటివి లోపలికి వస్తే తగిలించి ఉన్న డిస్క్‌ని కూడా తాళం వేసేస్తాయి.

అందుకే రెండు డిస్కులు. ఒకటి నీ దగ్గర, ఒకటి వేరే ఊర్లో. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజీలు, ఒకటి బయట అని పీటర్ క్రోగ్ అనే ఫొటోగ్రాఫర్ చెప్పిన లెక్క అందరూ చెప్తుంటారు, మనకి దాన్ని హుద్‌హుద్ తుఫాను చెప్పింది. 2014 అక్టోబర్ 12, నీకు గుర్తుండే ఉంటాది, మెట్ల కింద కూర్చున్నాం. మన వరసలో నాలుగో షాపు షట్టరు ఊడిపోయి సీపీయూలు, వాటి పక్కనే సొరుగులో పెట్టిన బ్యాకప్ డిస్కూ కలిసే నీళ్ళలో నానాయి, కరెంటు రోజుల తరబడి లేదు, అతను కంప్యూటర్ విప్పి ఎండలో ఆరబెట్టుకుంటుంటే ఏం మాట్లాడాలో తెలీలేదు. డిస్క్ ఉంది, కానీ ఉన్న చోటు అదే కదా. మనది ఒకటి రాజమండ్రిలో పెద్దమావయ్య బీరువాలో ఉంది అప్పటికే.

ఆ రెండో డిస్క్ ఎంత సైజు అని అడుగుతావేమో, ల్యాప్‌టాప్‌లో ఉన్నదానికి రెండింతలు తీసుకో. ఒక టీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో 931 జీబీ చూపిస్తాది, కొట్టువాడు మోసం చేశాడని గొడవకి దిగకు, కంపెనీ వాళ్ళు వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన లెక్కపెడతారు. చిన్న రెండున్నర అంగుళాలదే కొను, అది ల్యాప్‌టాప్ నుంచే కరెంటు తీసుకుంటాది కాబట్టి కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తాది. పెద్దదానికి వేరే అడాప్టరు, కరెంటు పోగానే రాస్తున్న చోట ఆగిపోద్ది.

ఇంత చేశాక ఒక ఫైలు తెరువు. ఏదో ఒకటి కాదు, పోతే నువ్వు ఏడ్చేది ఏదో అది. డిస్క్‌లోంచి వేరే ఫోల్డరుకి కాపీ చేసుకుని అక్కడ తెరిచి చివరి పేజీ దాకా చూడు. వీలైతే మీ రూమ్మేట్ మెషిన్‌లోనో ల్యాబ్ కంప్యూటర్‌లోనో తెరువు. ఎర్రర్ వచ్చిన ఆ రాత్రి కాపీని మాత్రం నమ్మకు, తీసేసి మళ్ళీ మొదట్నుంచి పెట్టు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు రెండో డిస్క్ తెచ్చెయ్, పెద్దమావయ్య ఎలాగూ వస్తానన్నాడు, అతనితో పంపించేద్దాం. టికెట్లు ఇప్పుడే చేసుకో, ఆ టైములో తర్వాత దొరకవు. ఈవెంట్ వ్యూయర్‌లో ఆ రాత్రి ఏముందో ఫొటో తీసి పెట్టు.

అమ్మ