మా నాయన్ని చూసుకున్న తమ్ముడికి కృతజ్ఞతలు

ఏడు నెలల తర్వాత నిన్న సాయంత్రం మా నాయన వసారాలో కుర్చీలో కూర్చుని టీ తాగాడు. గ్లాసు తనే ఎడమ చేత్తో పట్టుకున్నాడు. కాస్త ఒలికింది, అంతే. అది చూసినప్పటి నుంచి, మా ఇంటికొచ్చి నాయన్ని చూసుకున్న కుర్రాడి గురించి ఈ నాలుగు మాటలు రాయాలని ఒకటే ఆరాటం. సొంత తమ్ముడు కాదు, నేనే తమ్ముడూ అని పిలుస్తాను.

మాది కావలి. నాయన హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాడు, వయసు 78. ఒక తెల్లవారుజామున పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా అయిపోయింది. నెల్లూరు ఆసుపత్రిలో 16 రోజులు ఉంచి ఇంటికి పంపారు. నేనుండేది హైదరాబాదులో, అక్క ఒంగోల్లో. అమ్మకు మోకాళ్ల నొప్పులు, తను లేచి తిరగడమే కష్టం. మనిషిని పెట్టుకోక తప్పలేదు.

ఫోన్లో మాట్లాడిన సంస్థ వాళ్లు ట్రైనింగ్ అయినవాళ్లనే పంపుతామన్నారు. మూడు వారాల్లో నలుగురు మారారు. నిన్నటి మనిషి ఏం చేశాడో ఇవాళ వచ్చిన మనిషికి తెలియదు. ఒకతను నాయన్ని లేపడానికి పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగేవాడు, ఆ నొప్పికి నాయన మూలిగితే "పేషెంట్ కోఆపరేట్ చేయట్లేదు" అని అమ్మకు చెప్పేవాడు. ఒక శనివారం పొద్దున నేను సింహపురి ఎక్స్‌ప్రెస్ రైలు దిగి ఇంటికొచ్చి దుప్పటి తీస్తే, నడుం కింద ఎముక దగ్గర రూపాయి బిళ్లంత పుండు. దాని చుట్టూ పౌడర్ వేసి రోజూ రుద్దుతున్నారు. ఆ రోజు నేను ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

ఫిజియోథెరపీ చేయడానికి వచ్చే డాక్టరుగారు ఆ పుండు చూసి, "నాకు తెలిసిన కుర్రాడున్నాడు, అడిగి చూడండి" అన్నారు. అలా వచ్చాడు ఈ తమ్ముడు, అల్లూరు వైపు నుంచి. పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు.

వచ్చిన మొదటి రోజు నాయన పక్కన కూర్చుని, "అయ్యోరా, ఇప్పుడు మిమ్మల్ని ఎడమ పక్కకి తిప్పుతాను" అని చెప్పి, ఆ తర్వాతే చెయ్యి వేశాడు. ఊళ్లో అందరూ నాయన్ని పిలిచే పిలుపు అది. ఇంటికి తెచ్చిన తర్వాత బయటి మనిషి నోట ఆ మాట వినడం అదే మొదలు. నాయన తల తిప్పి అతని వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

తర్వాత నన్ను పిలిచి మడమ మీద ఎర్రగా ఉన్న చోట వేలితో నొక్కి చూపించాడు. "అన్నా, నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి. ఎరుపు ఎరుపుగానే ఉందంటే లోపల పుండు మొదలైనట్టే. అక్కడ రుద్దకూడదు, బరువు పడకుండా చూడాలి" అన్నాడు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేట్టు చేశాడు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మార్చిన టైము నోటు పుస్తకంలో రాయడం. రాత్రి వంతు అమ్మా, అక్కా, నేనూ చేస్తే మాతో కూడా రాయించాడు. చొక్కా తొడిగేటప్పుడు పడిపోయిన చేతికి ముందు, విప్పేటప్పుడు ఆ చేతికి చివర. ఇంత చిన్న విషయం నాలుగు వారాలుగా మాకెవరూ చెప్పలేదు.

అన్నం దగ్గర అతని ఓపిక చూడాలి. పలచటి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయని డాక్టరు చెప్పారు. అందుకని నాయన్ని నిటారుగా కూర్చోబెట్టి, రాగి జావ చిక్కగా కాయించి, గడ్డం కాస్త కిందికి వంచమని, సగం స్పూను పెట్టి, గుటక దిగిందాకా ఆగి, నోరు తెరిపించి చూసి మళ్లీ సగం స్పూను. ఒక గిన్నె జావకి ముప్పావు గంట. తర్వాత అరగంట పడుకోనిచ్చేవాడు కాదు. ఆ అరగంటా నాయన చేత ఎక్కాలు చెప్పించేవాడు. రెండో ఎక్కంతో మొదలుపెట్టి పదమూడో ఎక్కం దాకా వచ్చారు, మాట కూడా దాంతోపాటే తేటపడింది.

పుండు మానడానికి రెండు నెలలు పట్టింది. డ్రెస్సింగ్ చేసింది నర్సమ్మే, అతను ఆమె పనిలో చెయ్యి పెట్టలేదు. తన పని ఎక్కడిదాకానో తెలిసిన మనిషి. చీము వాసన వచ్చిన రోజు మాత్రం పొద్దున్నే నాకు ఫోన్ చేసి, డాక్టరుకి చూపించేదాకా ఊరుకోలేదు.

ఇలాంటి మనిషికి మనం ఇచ్చేదేమిటి? పన్నెండు గంటల పని, చాలాచోట్ల వారానికో సెలవు కూడా ఉండదు. సంస్థ ద్వారా వస్తే మనం కట్టే డబ్బులో కొంత మధ్యలోనే ఆగిపోతుంది. మా ఇంట్లో ఆదివారం సెలవిచ్చాం, అక్క వచ్చి ఉండేది. ఎవరైనా మనిషిని పెట్టుకునేటప్పుడు డబ్బు సంగతి కన్నా ముందు, పక్క ఎన్ని గంటలకోసారి మారుస్తావు, ఎక్కడ రాస్తావు అని అడగండి. మాలాగే దిక్కు తోచనివాళ్లుంటే పెద్దవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఎల్డర్‌లైన్ 14567 ఉంది. మాకది ఆలస్యంగా తెలిసింది.

పుండు ముందుగా డాక్టరుకి చూపించమని పోరిన పక్కింటి అక్కకు, ఫిజియో డాక్టరుగారికి, నర్సమ్మకు దండాలు. తమ్ముడూ, నువ్వు వచ్చే వారం నుంచి వేరే ఇంటికి వెళ్తున్నావు, అక్కడ ఇంకో పెద్దాయన ఎదురుచూస్తున్నాడని తెలుసు. నోటు పుస్తకం అమ్మ బీరువాలో దాచింది. సంక్రాంతికి మాత్రం భోజనానికి మా ఇంటికే రావాలి. ఇది నా మాట కాదు, నాయన తన నోటితో చెప్పమన్నాడు.