మిక్సింగ్‌లో జర్కులు: మా తప్పు ఎంత, ఇక మీదట ఏం మారుస్తున్నాం

మాఘం, ఫాల్గుణం ముహూర్తాలకి విజయవాడలో మా దగ్గర పెళ్ళి వీడియోల మిక్సింగ్ (ఎడిటింగ్) చేయించుకున్న స్టూడియోల వాళ్ళకి, పెళ్ళివారికి ఈ నోటు. ఈ సీజన్‌లో కంప్లైంట్లు మూడు రకాలుగా వచ్చాయి. కెమెరా పక్కకి తిరిగినప్పుడల్లా బొమ్మ తట్టుకుంటూ కదులుతోందని ఒకటి. డోలు మీద పుల్ల పడ్డాక కాసేపటికి చప్పుడు వినిపిస్తోందని ఇంకోటి. పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే ఆగి ఆగి ఆడుతోందని మూడోది. చూసేవాళ్ళకి అన్నీ ఒకటే జబ్బులా ఉంటాయి గానీ కారణాలు వేరు, మందులూ వేరు. మొదటిదాంట్లో సగం తప్పు మాది. మూడోది పూర్తిగా మాదే.

ముందు జర్కు సంగతి, అంటే బొమ్మ తట్టుకుంటూ కదలడం. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి మన వీడియో లెక్క సెకనుకి 25 ఫ్రేములు (విడివిడి బొమ్మలు), లేదా 50. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి లెక్క 30, 60. కెమెరా మెనూలో 30 అని కనిపించినా లోపల అది 29.97. 24 అన్నది చాలా కెమెరాల్లో 23.976. ఒకే పెళ్ళిలో ట్రెడిషనల్ కెమెరా 25లో, క్యాండిడ్ కెమెరా 24లో, డ్రోన్ 30లో తీస్తాయి. పెళ్ళికూతురి తమ్ముడి ఫోను దాని ఇష్టమొచ్చినంతలో తీస్తుంది. ఇవన్నీ ఒకే 25 టైమ్‌లైన్ మీద (ఎడిటింగ్‌లో క్లిప్పులు వరసగా పేర్చే పట్టీ) పడ్డాక ఏం జరుగుతుందో మీరే చూసుకోవచ్చు.

మీ ఫైల్ కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో తెరిచి, డ్రోన్ కళ్యాణమండపం చుట్టూ తిరిగే షాట్ దగ్గర పాజ్ చేయండి. కీబోర్డు మీద ఇంగ్లీషు 'ఈ' (E) నొక్కితే ఒక్కో ఫ్రేమూ ముందుకెళ్తుంది. ఏదైనా ఒక స్తంభం మీద చూపు నిలపండి. నాలుగుసార్లు నొక్కితే స్తంభం ప్రతిసారీ ఒకే దూరం జరుగుతుంది, ఐదోసారి రెట్టింపు జరుగుతుంది. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఒక గెంతు. 30లో తీసినదాన్ని 25లో ఇరికించాలంటే ఆరు ఫ్రేముల్లో ఒకటి పారేయాలి, అంటే సెకనుకి ఐదు గెంతులు. మనిషి నిలబడి అక్షింతలు వేసే షాట్‌లో ఇది కంటికి ఆనదు. పాన్‌లో (కెమెరా పక్కకి తిప్పినప్పుడు), గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే స్టాండు) నడకలో, ఊరేగింపు కారు వెళ్తుంటే మాత్రం దాగదు.

24లో తీసింది 25లోకి వస్తే సెకనుకి ఒక ఫ్రేమ్ రెండుసార్లు పడుతుంది, చిన్న తటపటాయింపు అంతే. మాటల్లేని పాట బిట్టయితే క్లిప్‌ని 25గా చదవమని సాఫ్ట్‌వేర్‌కి చెబితే సరిపోతుంది. నాలుగు శాతం స్పీడు పెరిగినా ఎవరూ పట్టుకోలేరు. 60లో తీసినదాన్ని మామూలు స్పీడులో వాడితే ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి అడుగులు 2, 3, 2, 3, 2 అని తేడాగా పడతాయి. అదే క్లిప్‌ని 25గా చదివిస్తే 41.7 శాతం స్పీడుకి దిగి వెన్నలాంటి స్లోమోషన్ వస్తుంది. 50లో తీస్తే రెండు పనులకీ పనికొస్తుంది: మామూలు స్పీడుకి ఒకటి వదిలి ఒకటి తీసుకుంటాం, స్లోకి అన్నీ వాడతాం, ఎక్కడా అడుగు తప్పదు.

ఇప్పుడు మా తప్పు. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి క్లిప్‌ని పట్టుకుని కొత్త సీక్వెన్స్ (అంటే టైమ్‌లైన్) చేస్తే, ఆ క్లిప్ లెక్కే సీక్వెన్స్ లెక్క అవుతుంది. మా సిస్టమ్ ఒకదాంట్లో కొన్ని పెళ్ళిళ్ళకి ముందు పడింది డ్రోన్ షాటు. దాంతో టైమ్‌లైన్ మొత్తం 29.97 అయి కూర్చుంది, 25లో చక్కగా తీసిన మూడు కెమెరాల ఫుటేజ్‌కి ప్రతి ఐదు ఫ్రేములకీ ఒకటి అదనంగా అతుక్కుంది. ఆ వీడియోల్లో 'ఈ' నొక్కుతూ పోతే ఆరింట ఒకసారి బొమ్మ అసలు కదలదు. రిజాల్వ్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అయితే ఒకసారి తయారైన టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు తర్వాత మార్చనివ్వదు, కాబట్టి అక్కడ మొదట్లోనే చూసుకుంటారు. ఇక్కడ మేం చూసుకోలేదు.

రెండో తప్పు, జర్కు కనబడ్డచోటల్లా ఆప్టికల్ ఫ్లో వేసేయడం. అది మధ్యలో లేని ఫ్రేముని ఊహించి గీస్తుంది. ఖాళీ ఆకాశం మీద డ్రోన్ షాటుకి బాగానే పనిచేస్తుంది. తలంబ్రాలకి వేస్తే బియ్యపు గింజలు గాల్లోనే కరిగి మళ్ళీ పుడతాయి, దండ వేసే చెయ్యి దండలోకి జారి సాగుతుంది. ఇకపై తలంబ్రాలు, దండలు, చేతులున్న ఏ షాటుకీ అది వేయం. జర్కు ఉంటే ఉంచుతాం, లేదా షాట్ మారుస్తాం.

మూడో తప్పు, మేం చెక్ చేసే మానిటర్ 60 హెర్ట్జ్‌లో ఉండేది. దానిమీద 25 ఆడిస్తే ఒక్కో ఫ్రేమ్ 2, 2, 3, 2, 3 సార్లు మెరుస్తుంది, మంచి ఫైల్ కూడా కాస్త వణుకుతుంది. దానికి అలవాటుపడి నిజంగా చెడిపోయినదాన్ని కూడా 'మానిటర్ వల్లలే' అని వదిలేశాం. ఇప్పుడు విండోస్ అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 50 హెర్ట్జ్ పెట్టాం. మీ మానిటర్ లిస్టులో 50 ఉంటే మీరూ పెట్టుకోండి, పైసా ఖర్చు లేదు.

షూటింగ్ చేసేవాళ్ళకి ఒకే విన్నపం: అన్ని కెమెరాలూ 25, గింబల్‌ది 50. సోనీ, కెనాన్‌లలో ముందు వీడియో సిస్టమ్‌ని ఎన్‌టీఎస్‌సీ (అమెరికా లెక్క) నుంచి పాల్‌కి (మన లెక్క) మార్చాలి, అప్పుడే మెనూలో 25, 50, 100 కనిపిస్తాయి. కొన్ని సోనీ మోడళ్ళు ఇది మార్చగానే కార్డు ఫార్మాట్ చేయమంటాయి, కాబట్టి ముహూర్తానికి పది నిమిషాల ముందు కాకుండా ముందురోజే ఖాళీ కార్డుతో చేయండి. పానాసోనిక్‌లో సిస్టమ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ పెట్టండి. గోప్రోలో యాంటీ ఫ్లికర్ 50కి మారిస్తే 25, 50 వస్తాయి. ఐఫోన్‌లో కెమెరా సెట్టింగ్స్, రికార్డ్ వీడియోలోకి వెళ్ళి పాల్ ఫార్మాట్లు చూపించమని ఆన్ చేస్తే 25 దొరుకుతుంది. అక్కడే ఆటో ఎఫ్‌పీఎస్ ఆపేయండి, శాంసంగ్‌లో కూడా ఆ పేరే.

షట్టర్ (ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం, సెకనులో వంతు) 25కి 1/50, 50కి 1/100. ఇది అందం కోసం మాత్రమే కాదు. మామూలు లైటు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకి 100 సార్లు కొట్టుకుంటుంది. 1/50లో సరిగ్గా రెండు కొట్టుళ్ళు పడతాయి, 1/100లో ఒకటి. 30లో తీస్తూ 1/60 పెడితే ఒకటిన్నర పైచిలుకు పడి ఒక్కో ఫ్రేముకీ వెలుగు తేడా వస్తుంది, గోడ మీద నల్లటి చారలు పాకుతాయి. తప్పక 30లో తీయాల్సొచ్చినా షట్టర్ మాత్రం 1/50 లేదా 1/100 ఉంచండి. హాలు జనరేటర్ మీద నడుస్తుంటే 1/50లో కూడా చారలు మెల్లగా కదలొచ్చు. లోడు తక్కువున్నప్పుడు చాలా జనరేటర్లు 50 దాటి 52 దాకా తిరుగుతాయి, అది కెమెరా తప్పు కాదు. ఫోటోలు తీసిన చేత్తోనే 1/500లో వీడియో నొక్కితే కదలికలో మసక ఉండదు, ఫ్రేమ్ రేటు సరిగ్గా ఉన్నా బొమ్మ టకటకమంటుంది. అలాంటిదాన్ని మా దగ్గర ఎంత రుద్దినా పోదు.

డోలు చప్పుడు వెనకబడే గొడవకి మొదటి ముద్దాయి ఫోను. ఫోను 30 అని చెప్పినా వెలుతురు తగ్గితే 24కి దిగుతుంది, మళ్ళీ ఎక్కుతుంది. ఫైల్ వివరాలు చూపించే మీడియాఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ దగ్గర 'వేరియబుల్' అని ఉంటుంది. అలాంటి అరగంట క్లిప్‌లో జీలకర్ర బెల్లం దాకా బాగుండి, మంగళసూత్రం దగ్గరికొచ్చేసరికి గట్టిమేళం ఒకవైపు, పుల్లలు ఒకవైపు అయిపోతాయి. వీడియో ఫార్మాట్ మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో వేసి కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్ పెట్టి, 30 ఎంచుకుని, క్వాలిటీ ఆర్‌ఎఫ్ 16 నుంచి 18 మధ్య, ఆడియో 48 కిలోహెర్ట్జ్ పెట్టి తీశాకే టైమ్‌లైన్ మీదకి తెస్తాం. వాట్సాప్‌లో పంపేవాళ్ళు డాక్యుమెంట్‌గా పంపండి, వీడియోగా పంపితే నలిగిపోయి వస్తుంది.

రెండో ముద్దాయి కామ్‌కార్డర్ రాసే ఎంటీఎస్ వీడియో ఫైళ్ళు. ట్రెడిషనల్ కామ్‌కార్డర్ ఒకే రికార్డింగ్‌ని ముక్కలుగా కోసి రాస్తుంది. స్ట్రీమ్ ఫోల్డర్‌లోంచి ముక్కలు మాత్రమే కాపీ చేసుకొస్తే అతుకుల దగ్గర కొన్ని ఫ్రేముల ఆడియో పోతుంది, మంత్రం మధ్యలో చిటుక్కుమంటుంది. కార్డులో ఉన్న 'ప్రైవేట్' ఫోల్డర్ మొత్తం అలాగే తీసుకురండి. ఇక 23.976లో తీసినదాన్ని ఎవరైనా 24గా చదివిస్తే విడిగా రికార్డు చేసిన మైకు గంటకి 3.6 సెకన్లు తప్పుతుంది. మొదట్లో కలిసి, పోనుపోను జారుతుంటే ముందు ఇదే అనుమానించండి.

లైవ్, ఎల్‌ఈడీ వాల్ చేసేవాళ్ళకి ఒక మాట. ఏటెమ్ మినీ లాంటి స్విచర్ (కెమెరాలన్నీ కలిపి ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చే పెట్టె) తనకి ముందు తగిలిన సోర్సు లెక్కకి తానూ మారుతుంది. టైటిల్స్ లాప్‌టాప్ ముందు గుచ్చితే అది 60 ఇస్తుంది, తర్వాత వచ్చిన 50 కెమెరాలన్నీ అందులోకి మారి గెంతుతాయి. సాఫ్ట్‌వేర్ కంట్రోల్‌లో వీడియో స్టాండర్డ్ చేత్తో 1080పీ50 పెట్టాకే కేబుళ్ళు గుచ్చండి.

టీవీలో ఆగి ఆగి ఆడింది ఎందుకంటే, క్వాలిటీ చూపించాలన్న ఆత్రంతో 4కే, 10 బిట్, 100 ఎమ్‌బీపీఎస్ (సెకనుకి మెగాబిట్లు) ఫైళ్ళు పాత పెన్‌డ్రైవుల్లో పెట్టిచ్చాం. అంటే సెకనుకి 12.5 ఎంబీ (మెగాబైట్లు) ఆగకుండా అందాలి. మా కొత్త కంప్యూటర్‌లో ఆడాయి, చాలామంది ఇళ్ళలో టీవీలకి ఆ ఫార్మాటే మింగుడుపడలేదు. ఇకపై పెన్‌డ్రైవ్‌లో ఇచ్చేది 1080, 25 ఫ్రేములు, హెచ్ 264, హై ప్రొఫైల్, లెవల్ 4.1, 20 ఎమ్‌బీపీఎస్. గంటకి 9 జీబీ, మూడు గంటల పెళ్ళికి 27, కాబట్టి 32 జీబీ డ్రైవ్ చాలు. టీవీ ఎగ్జ్‌ఫ్యాట్ (పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసే ఒక పద్ధతి) చదవకపోతే ముందే చెప్పండి. అప్పుడు వాడాల్సిన పాత పద్ధతి ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, 25 నిమిషాల భాగాలుగా కోసిస్తాం. 4కే మాస్టర్ కావాలంటే హార్డ్ డిస్క్‌లో విడిగా ఇస్తాం. లాప్‌టాప్‌ని టీవీకి కలిపి చూడకుండా పెన్‌డ్రైవ్ నేరుగా టీవీకే పెట్టండి, టీవీలో ట్రూమోషన్, మోషన్‌ఫ్లో లాంటి పేర్లతో ఉన్న స్మూతింగ్ ఆపేయండి. లేకపోతే మేం తలంబ్రాలకి చేసిన అన్యాయం టీవీ ఇంట్లో చేస్తుంది.

కార్డు కవరు మీద కెమెరా పేరు, ఫ్రేమ్ రేటు, షట్టర్ రాసివ్వండి. 30, 24 కలిసిన పనికి ఒకరోజు ఎక్కువ పడుతుంది, డబ్బు ఎక్కువ తీసుకోం.

పాతవి ఈ మూఢంలో మళ్ళీ చేస్తున్నాం, చార్జీ లేదు. 29.97 టైమ్‌లైన్‌లో చెడిపోయినవాటికి మీ దగ్గరున్న ఫైల్ తెచ్చినా చాలు, అదనంగా అతుక్కున్న ఫ్రేములు తీసేస్తే 25 తిరిగొస్తుంది, అందులోని డ్రోన్ షాట్లు తప్ప. 30ని 25లో ఇరికించినవి వేరు. పారేసిన ఫ్రేము అవుట్‌పుట్‌లోంచి తిరిగిరాదు, ఒరిజినల్ కార్డు డేటా కావాల్సిందే. స్థలం చాలక కొన్ని పెళ్ళిళ్ళ డేటా మేం తీసేశాం, వాళ్ళకి విడిగా ఫోన్ చేస్తున్నాం. స్టూడియో వాళ్ళ దగ్గర కాపీ ఉంటే ఆ డిస్క్ పంపండి, లేకపోతే ఆ షాట్ల వరకు నిదానం షాట్లతో మార్చివ్వడం తప్ప మా చేతిలో ఏమీ లేదు.