క్యారేజీ ఇక గేటుకి తగిలించి రాము

విజయవాడలో సత్యనారాయణపురం, మొగల్రాజపురం, సింగ్‌నగర్ వైపు మా కర్రీ పాయింట్ దగ్గర నెలవారీ క్యారేజీ తీసుకునే అందరికీ, ముఖ్యంగా ఇక్కడున్న అమ్మానాన్నల కోసం పై ఊళ్ళ నుంచి డబ్బు కట్టే పిల్లలకి ఈ కబురు. వచ్చే ఒకటో తారీఖు నుంచి మధ్యాహ్నం క్యారేజీ పన్నెండింటికి బదులు పన్నెండున్నర లోపు వస్తుంది. రేటు పెంచట్లేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ ఇంటి దగ్గర మా కుర్రాడు సంచి గేటుకి తగిలించి వచ్చెయ్యడు. తలుపు కొట్టి, చేతికిచ్చి, నిన్నటి గిన్నెలు తీసుకుని, రెండు మాటలు మాట్లాడి వస్తాడు. ఆలస్యం అందుకే.

గిన్నెలు కడిగే చోట నిలబడితే ఎవరింట్లో ఏం జరుగుతోందో కొంత తెలిసిపోతుంది. కూర నచ్చకపోతే కూర గిన్నె ఒక్కటే మిగులుతుంది. జ్వరమొస్తే రసం, పెరుగు ఖాళీ అయి మిగతావి తిరిగొస్తాయి. ఇవి కాక ఇంకో రకం ఉంది. పట్టీ కూడా తియ్యరు. పై గిన్నె మూత లోపల ఆవిరి బొట్లు బొట్లుగా పట్టేసి, మేం సర్దింది సర్దినట్టే వస్తుంది. ఒకరోజైతే పిలుపులకి వెళ్ళారనుకుంటాం. మనిషి ఇంట్లోనే ఉండి వరసగా అలా వస్తుంటే అది మా వంటకి పెట్టిన వంక కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌ని ముంచేశాక ఇలాంటివి ఎక్కువయ్యాయి. నీళ్ళ మధ్య మేడ మీద చిక్కుకుపోయిన పెద్దవాళ్ళలో కొందరు ఇప్పటికీ మబ్బు పడితే అన్నం ముట్టరు.

డిప్రెషన్ అంటే ఏడుస్తూ కూర్చోవడం అనుకుంటాం. పెద్దవాళ్ళలో చాలాసార్లు ఏడుపే కనపడదు. ఆకలి లేదంటారు, నిద్ర లేదంటారు, నడుం నొప్పంటారు, "ఇంకెంత కాలంలే" అంటారు. వయసని మనం వదిలేస్తాం. 2017-18లో పెద్దవయసు వాళ్ళ ఆరోగ్యం, బాగోగుల మీద దేశమంతా చేసిన లాసీ (LASI) అనే సర్వేలో అరవై దాటిన వాళ్ళలో నూటికి ఎనిమిది మందికి పైగా డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. థైరాయిడ్, బి12 తగ్గడం లాంటివి కూడా ఇలాగే ఉంటాయి కాబట్టి తేల్చాల్సింది డాక్టరే. మేం చూసేది తిన్నారా లేదా అన్నదే. కానీ ఆ చూపుకీ విలువుంది. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి అరవై దాటిన వాళ్ళతో మాట్లాడిస్తే, ఏడాది తిరిగేసరికి డిప్రెషన్‌లో పడినవాళ్ళు బాగా తగ్గారని 2019లో అచ్చయిన పరిశోధన చెప్పింది.

ఇది మా ఒక్కళ్ళ వల్ల అయ్యేది కాదని పెన్షనర్లతో, రెండు అపార్ట్‌మెంట్ల కమిటీలతో, వార్డు సచివాలయం ఆరోగ్య కార్యదర్శితో కూర్చున్నాం. కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో అడగబోయేవి రెండు. మా అర్బన్ హెల్త్ సెంటర్‌కి నెలకోసారైనా మానసిక వైద్యుడు రావాలి. బీపీ, షుగర్ చూడ్డానికి ఇళ్ళకి వచ్చేవాళ్ళు నిద్ర గురించి, ఆకలి గురించి, మనసు గురించి కూడా అడగాలి. మా కుర్రాళ్ళకి శిక్షణ ఇస్తానని ఒక సంస్థ ముందుకొచ్చింది. తీరా ఆ రోజుకి, మీ అందరి పేర్లు, వయసులు, జబ్బులు, పిల్లల ఫోన్ నంబర్లు ఇస్తేనే మొదలెడతామంది. ఇవ్వనన్నాను. కుర్రాళ్ళు వంట మానుకుని కూర్చుంటే వాళ్ళు లేచి వెళ్ళిపోయారు. వెళ్తూ ఒకాయన "కర్రీ పాయింట్ వాళ్ళకి ఇవన్నీ ఏం తెలుస్తాయి" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడలేదు. ఎవరికి ఉప్పు తగ్గించాలో, ఎవరికి పళ్ళు లేక అన్నం మెత్తగా వండాలో, ఎవరు భార్య తద్దినం రోజున వంకాయ అడుగుతారో మాకు తెలుసు. ఆ శిక్షణ ఇప్పుడు మన ఖాతాదారుల్లోనే ఒక రిటైర్డ్ నర్సమ్మగారు ఇస్తున్నారు.

నన్ను నిజంగా నలిపేసింది వేరే సంగతి. క్యారేజీ ముట్టకుండా వస్తే పిల్లలకి చెప్పాలా వద్దా? ఒక మాస్టారు మా కుర్రాడి చెయ్యి పట్టుకుని "మావాడికి చెప్పకురా, అక్కడ వాడి ఉద్యోగమే ఊగిసలాడుతోంది" అన్నారు. డబ్బు కట్టేది ఆ కొడుకే. మా ఆయన కట్టేవాళ్ళకి చెప్పాల్సిందే అన్నారు. వంటమ్మాయి తినేవాళ్ళ మాటే వినాలంది. నాకు రెండూ న్యాయమే అనిపించాయి. చెప్తే ఏమవుతుందో ఆలోచించాను. కొడుకు ఫోన్ చేసి కేకలేస్తాడు. మర్నాటి నుంచి మాస్టారు అన్నం కుక్కకి పెట్టి, గిన్నెలు శుభ్రంగా కడిగి పంపిస్తారు. ఇక మాకు కనపడే ఆ ఒక్క గుర్తూ పోతుంది. చెప్పకపోతే, రేపు జరగరానిది జరిగితే, ఆ కొడుకు ముఖం నేనెలా చూడాలి?

తినే మనిషి మాటకే కట్టుబడాలని నిర్ణయించాను. ఎవరికి చెప్పమంటారో వాళ్ళనే ఒక కాగితం మీద రాసిమ్మని అడుగుతున్నాం. కొడుకు కావచ్చు, చెల్లెలు కావచ్చు, పక్కింటావిడ కావచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా, వైద్యం విషయంలో తన తరఫు మనిషిని తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేసి ఎంచుకునే హక్కు ఇచ్చింది. ఒక్కచోట మాత్రం ఎవరి మాటా వినను. తలుపు తియ్యకపోయినా, బతకాలని లేదన్నా, పక్కవాళ్ళని పిలుస్తాం, 108కి చేస్తాం, పిల్లలకీ చెప్తాం. తర్వాత ఎవరు తిట్టినా పడతాను.

ఈ సంగతి ముందుగా చెప్పినందుకు ఒకరు "మా అమ్మకి పిచ్చని ముద్ర వేస్తారా" అని క్యారేజీ మాన్పించారు. బాధ పడ్డాను. ఆ అమ్మగారే ఫోన్ చేసి తన పెన్షన్‌లోంచి కడతానన్నారు. పంపుతున్నాం.

మనసు బాగోకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేసి తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. పెద్దవాళ్ళ కోసం ఎల్డర్ లైన్ 14567 ఉంది. సంచి మీద అంటిస్తే చూసినవాళ్ళు నాలుగు మాటలంటారని ఈ రెండు నంబర్లూ నెల మెనూ కాగితం వెనక అచ్చేయించాను. తలుపు కొట్టడం ఇష్టం లేనివాళ్ళు చెప్పండి, మునుపటిలాగే గేటుకి తగిలిస్తాం, ఎందుకని అడగం. అర్జీ మీద సంతకాలకి ఆదివారం పొద్దున షాపుకి రండి. రాలేనివాళ్ళకి కాగితం క్యారేజీతో పాటే పంపుతాం. ఆ సంస్థ లేకపోయినా సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ నేనే ఇచ్చి వస్తాను.