మా బాత్రూమ్‌లో రాడ్లు బిగించిన ప్లంబర్ గారికి

మా అత్తయ్యగారు నిన్న ఎవరి చెయ్యీ పట్టుకోకుండా బాత్రూమ్‌కి వెళ్లొచ్చారు. పడి, తుంటి విరిగి, ఆపరేషన్ అయ్యాక ఇదే మొదలు. నిద్రలేక కళ్లు మండుతున్నాయి, అయినా ఇది రాసేసే పడుకుంటాను.

మావారు, మా ఆడపడుచు, పిల్లలు ఎంత చేశారో చెప్పక్కర్లేదు, ఇంట్లోవాళ్లేగా. నేను చెప్పాల్సింది మా కాకినాడలోనే ఉండే ఒక ప్లంబర్ గారి గురించి. పేరు రాయొద్దన్నారు.

అత్తయ్యగారు పట్టుకుని లేవడానికి రెండు స్టీల్ రాడ్లు బిగించాలని పిలిచాం. ఆయన డ్రిల్లింగ్ మిషన్ గుమ్మం దగ్గరే పెట్టేసి, అత్తయ్యగారి మంచం దగ్గరికెళ్లి, "మామ్మగారూ, మీ బాత్రూమ్‌లోకి వెళ్లొచ్చాండీ? మీరు దేన్ని పట్టుకుని లేస్తారో ఓసారి చూపిస్తారా?" అన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆవిడకి నొప్పి ఎక్కడో కూడా అందరూ నన్నే అడిగారు, ఆవిడ మెలకువగా పక్కనే ఉన్నా సరే. ఆవిడనే అడిగిన మొదటి మనిషి ఈయన.

మూత వేసిన కమోడ్ మీద కూర్చుని లేవమన్నారు. అత్తయ్యగారి చెయ్యి మేం అనుకున్న గోడ వైపు పోలేదు, తిన్నగా టవల్ రాడ్డు మీదికి పోయింది. ఆవేళ సగం ఊడి ఆవిణ్ని పడేసింది అదే, ఇంకా ఒక స్క్రూ మీద వేలాడుతోంది. "ఇది ఉన్నంతకాలం చెయ్యి దీని మీదికే పోద్దండి" అని ముందు దాన్ని పీకేశారు. ఆవిడ అరచెయ్యి ఆనిన చోట పెన్సిల్‌తో గీత పెట్టారు. టైల్స్‌ని వేలి కణుపుతో కొట్టి చూసి, గుల్లగా మోగితే కాస్త పక్కకి జరిగి, గట్టి గోడ దొరికాక యాంకర్ బోల్టులతో బిగించారు. ఆ తర్వాత రాడ్డుకి ఆయనే వేలాడారు. "ఎనభై కేజీలండి నేను. ఊడితే ఇప్పుడే ఊడాలి." ఆపరేషన్ తర్వాత అత్తయ్యగారు నవ్వడం అప్పుడే చూశాను.

ఆదివారం పిలవకుండానే మళ్లీ వచ్చారు. వాకర్ కాళ్ల బుష్‌లు అరిగాయని మొన్నే గమనించారట, కొత్తవి జేబులో వేసుకొచ్చారు. బాత్రూమ్ గడప అంచుకి పసుపు టేపు అంటించారు. డబ్బులివ్వబోతే, "టేపు ముక్కకి ఏం తీసుకుంటామండి" అని వెళ్లిపోయారు.

ఇవన్నీ ప్లంబర్ చెప్పాలా? డిశ్చార్జ్ కాగితం మీద "పడకుండా జాగ్రత్త" అని ఒక్క ముక్క రాసిచ్చారు తప్ప, మీ ఇంట్లో నేల జారుతుందా, గడప ఎత్తుగా ఉందా అని అడిగిన పాపాన పోలేదు. 70 ఏళ్లు దాటినవాళ్లకి ఆయుష్మాన్ భారత్‌లో ఏటా 5 లక్షల దాకా వైద్యం అని 2024లో పెట్టారు, మంచిదే. అది ఎముక విరిగి ఆసుపత్రిలో చేరాక మాట. విరగకుండా గోడకి బిగించుకునే రాడ్డుకి రూపాయి ఇచ్చేవాళ్లు లేరు. అపార్ట్‌మెంట్లు కట్టేవాళ్లేమో బాత్రూమ్‌లో కూడా అద్దంలాంటి టైల్సే వేస్తారు.

అన్నట్టు, మెడికల్ షాపు అబ్బాయికి చాలా థ్యాంక్స్. ఒక డాక్టర్ రాసిన నిద్ర మాత్ర, ఇంకో డాక్టర్ బీపీకి రాసిన నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ వచ్చేది) రెండూ రాత్రికే ఉన్నాయని చూసి "డాక్టర్ గారిని ఓసారి అడగండమ్మా" అన్నది అతనే. అడిగితే నీళ్ల మాత్ర పొద్దుటికి మార్చారు. లేవగానే నడవకుండా మంచం అంచున కాసేపు కూర్చోవడం అలవాటు చేసిన ఫిజియోథెరపీ అమ్మాయికీ, పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567 ఎల్డర్‌లైన్‌లో నా గోడు మొత్తం ఓపిగ్గా విన్న ఆవిడకీ కూడా. లిఫ్ట్‌లో పట్టని స్ట్రెచర్‌ని మెట్ల మీదుగా దింపిన వాచ్‌మన్‌నీ, అతని తమ్ముణ్నీ ఎలా మర్చిపోయానో!

అయ్యో, ఆ వాకర్ మాది కాదు, రెండో ఫ్లోర్ పిన్నిగారిది. పిన్నిగారూ, బుష్‌లు కొత్తవి పడ్డాయి, ఇంకో నెల ఉంచుకుంటాం.