స్పీకర్ గారూ, మా ఆఫీసు ఫారం మీరూ ఒకసారి నింపి చూడండి

అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్ మైక్ జాన్సన్ గారికి,

నమస్కారం. మీరు నన్నెరగరు గానీ మీ పేరు నాకు బట్టీ. 2024లో సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ కోసం వంద ప్రశ్నలు చదివాను. అందులో 47వది "ఇప్పుడు స్పీకర్ ఎవరు?" మా ఆవిడ వంటింట్లోంచి అడుగుతుంటే నేను బాత్రూంలోంచి మీ పేరు అరిచేవాణ్ణి. తీరా ఆఫీసరమ్మ మిమ్మల్ని అడగనే లేదు, 12వ ప్రశ్న అడిగింది: రూల్ ఆఫ్ లా అంటే ఏమిటని. "చట్టానికి ఎవరూ అతీతులు కారు" అన్నాను. ఆవిడ టిక్కు పెట్టుకుంది, నవ్వలేదు.

నేనొక ఫైనాన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. డబ్బు నా కంటికి కూడా కనపడదు, లాగిన్ బటన్ నొక్కితే పేజీ తెరుచుకుంటోందా లేదా చూడటమే నా పని. అయినా పది షేర్లు కొనాలంటే ముందు ఫారం నింపాలి, వాళ్ళు సరే అన్నాక రెండు రోజుల్లో కొనాలి, కొన్నాక నెల దాకా అమ్మకూడదు, మా ఆవిడ అకౌంటుకీ అదే రూలు. ఒకసారి బావమరిది ఊదరగొడితే మర్చిపోయి అడక్కుండా నాలుగు వందల డాలర్ల షేర్లు కొన్నాను. మేనేజర్ గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ తలుపు వేసిన చప్పుడు నాకింకా గుర్తుంది సార్, ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

రూలు తప్పని నేననడం లేదు. నా బాధల్లా మీ సభ గురించి.

షేర్లు కొనాలంటే మీ సభ్యులు ఎవరినీ అడగక్కర్లేదు. రక్షణ బడ్జెట్ చూసే కమిటీలో కూర్చుని, ఆయుధాల కంపెనీల షేర్లు ఇంట్లో పెట్టుకుని, ఆ బడ్జెట్‌కే ఓటెయ్యొచ్చు. 2012లో స్టాక్ యాక్ట్ అని ఒకటి తెచ్చారు కదా, దాని ప్రకారం కొన్నదీ అమ్మిందీ 45 రోజుల్లోగా చెబితే చాలు. అదీ లెక్కతో కాదు, పదిహేను వేల నుంచి యాభై వేల మధ్య, పది లక్షల నుంచి యాభై లక్షల మధ్య, ఇలా. (జీతం ఎంతొచ్చిందని మా ఆవిడ అడిగితే "వెయ్యికీ పదిహేను వేలకీ మధ్య" అని చెప్పి చూడాలని ఉంది.) ఆలస్యమైతే జరిమానా 200 డాలర్లు, అదీ మీ సభ ఎథిక్స్ కమిటీ దయతలిస్తే మాఫీ. పోయిన వేసవిలో నాకు పడిన స్పీడింగ్ టికెట్టే అంతకన్నా ఎక్కువ, నన్నెవరూ దయతలచలేదు.

ఎవరూ పట్టుబడలేదా అంటే, క్రిస్ కాలిన్స్ అని న్యూయార్క్ నుంచి మీ రిపబ్లికన్ పార్టీ సభ్యుడే ఉండేవాడు. 2017 జూన్‌లో వైట్‌హౌస్ లాన్‌లో సభ్యుల పిక్నిక్ జరుగుతుంటే, ఆయన బోర్డులో ఉన్న మందుల కంపెనీ నుంచి ఈమెయిల్ వచ్చింది, మందు పరీక్షలో ఫెయిలైందని. ఆయన అక్కడే, ఆ పచ్చగడ్డి మీదే నిలబడి కొడుక్కి ఫోన్ కొట్టాడు, ఆ వార్త బయటికి రాకముందే కొడుకు షేర్లు అమ్మేశాడు. కనీసం బయటికొచ్చి కారెక్కే దాకా కూడా ఆగలేదు. నేరం ఒప్పుకున్నాడు, 26 నెలల శిక్ష పడింది, లోపలికెళ్ళి మూడు నెలలు కూడా కాకుండానే 2020 డిసెంబర్లో ట్రంప్ గారు క్షమాభిక్ష పెట్టేశారు.

ఇది మీ పార్టీ ఒక్కదాని గొడవే కాదు లెండి. 2021 చివర్లో సభ్యులు షేర్లు కొనకుండా ఆపాలా అని అడిగితే, ఇది స్వేచ్ఛా మార్కెట్, వాళ్ళూ పాల్గొనాలి అన్నది డెమోక్రటిక్ పార్టీకి చెందిన అప్పటి స్పీకర్ పెలోసీ గారే. మిగతా అన్నిటికీ కొట్టుకు చచ్చే రెండు పార్టీలూ ఈ ఒక్కచోట మాత్రం సొంత అన్నదమ్ముల్లా సర్దుకుపోతాయి.

నిషేధం పెడితే మీకు సమ్మతమేనని 2025లో మీరన్నారు, సంతోషం. ఆ మాటతోనే ఇంకొకటీ అన్నారు: సభ్యుల జీతం 2009 నుంచి పెరగలేదు, కుటుంబం గడవాలి కదా అన్న వాదన కూడా మీకు అర్థమవుతుందని. ఏడాదికి 1,74,000 డాలర్లు. నిజమే, పెరగలేదు. అదే 2009 జూలైలో ఆగిపోయింది ఇంకొకటుంది, గంటకి 7.25 డాలర్ల కనీస వేతనం. మీ సొంత రాష్ట్రం లూసియానాలో ఇప్పటికీ అదే. వారానికి నలభై గంటల చొప్పున ఏడాదంతా ఒక్కరోజు సెలవు పెట్టకుండా చేస్తే 15,080 డాలర్లు. మీ ఊళ్ళో ఫ్రైస్ వేయించే కుర్రాడు మీ కమిటీల బ్రీఫింగులు వినలేడు కాబట్టి షేర్లతో సర్దుకునే వీలు కూడా లేదు పాపం.

కంపెనీల దగ్గర మీ వాళ్ళకున్న మొహమాటం మాత్రం నాకు అర్థమవుతుంది. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు 5-4తో తేల్చింది కదా, అభ్యర్థి చేతికివ్వకుండా పక్కనుంచి కంపెనీలు ఎన్నికల్లో ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు, అది వాక్ స్వాతంత్ర్యమని. నాకిక్కడ ఓటు రావడానికి హెచ్1, గ్రీన్ కార్డు, వేలిముద్రలు, ఆ వంద ప్రశ్నలు కలిపి పద్దెనిమిదేళ్ళు పట్టింది. కంపెనీలని 47వ ప్రశ్న కూడా ఎవరూ అడగలేదు.

ఇదంతా తెనాలిలో ఉన్న మా నాన్నకి ఫోన్లో చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు: "మనవాళ్ళు బామ్మర్ది పేరు మీద పెడతార్రా. మీవాళ్ళు సొంత పేరు మీదే కొనుక్కుని, మళ్ళీ అందరికీ కాగితం చూపిస్తారా?" ఏం చెప్పాలో తోచక, ఇక్కడ పారదర్శకత ఎక్కువ నాన్నా అన్నాను.

మా ఆఫీసు ఫారంలో ఏముంటుందో విడిగా రాసి ఈ లేఖతో పంపుతున్నాను. రెండు పేజీలే. సభ్యులందరికీ తలా ఒకటి పంచండి. చాలావరకు తేలికే, మూడో ప్రశ్న దగ్గర మాత్రం పెన్ను ఆగుతుంది: "ఈ కంపెనీ గురించి బయటివాళ్ళకి తెలియని సమాచారం మీ దగ్గర ఏమైనా ఉందా? అవును / కాదు."

ఇట్లు,
న్యూజెర్సీ నుంచి ఒక టెస్టర్